కళ్ళద్దాల మీది వేలిముద్ర

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోంచి ఐదు తీసుకున్నాను. రాసినవాళ్ళు ఒకరికొకరు తెలియనివాళ్ళు, వేరువేరు వయసులవాళ్ళు. అయినా అందరి బాధా ఒకటే: ఏదీ నిలవడం లేదు, మరి విశ్వాసమైనా నిలుస్తుందా? నేను బైబిల్ కాలేజీలో చదివినదాన్ని కాదు. ముప్పై నాలుగేళ్ళు వార్డుల్లో నర్సుగా పనిచేశాను. వాక్యంలో చదివిందీ, మంచాల పక్కన నిలబడి చూసిందీ కలిపి చెప్పడమే నాకు చేతనైంది. పేర్లు వేయవద్దని అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: అక్కా, వందనాలు. మా ఆయన పోయి ఎనిమిది నెలలైంది. బట్టలు ఇచ్చేశాను, మిగిలిన మందులు పారేశాను. కళ్ళద్దాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేకపోతున్నాను. కుడివైపు అద్దం మీద ఆయన వేలిముద్ర ఉంది. తుడవడానికి చెయ్యి రావడం లేదు. సంఘంలో ఒకామె చూసి, "ఇదంతా అశాశ్వతం, వస్తువుల మీద ఇంత మమకారం ఉందంటే విశ్వాసం తగ్గినట్టే" అన్నారు. అప్పటి నుంచి ఆ డబ్బా తెరిచినప్పుడల్లా తప్పు చేస్తున్నట్టు ఉంటోంది. నాది లోకాశేనా?

జవాబు: కాదమ్మా. ముందు ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి, మిగతాది మెల్లగా చదవండి.

లోకాశ అంటే ఏమిటో యోహాను తన మొదటి పత్రికలో విప్పి చెప్పాడు: శరీరాశ, నేత్రాశ, జీవపుడంబము. డంబం అంటే పదిమందికీ చూపించుకోవడం. మీరు ఆ కళ్ళద్దాలు ఎవరికి చూపించుకుంటున్నారు? తలుపు వేసుకుని, డబ్బా తెరిచి, మళ్ళీ మూసేస్తున్నారు. యోహాను చెప్పిన ఆ మూడింటిలో ఇది దేని కిందికీ రాదు.

చనిపోయినవారి వస్తువుల మూట కుటుంబానికి అప్పజెప్పడం మా డ్యూటీలో ఒక భాగం. వాచీ, చెప్పులు, పళ్ళసెట్టు, కళ్ళద్దాలు అని రిజిస్టర్లో ఒక్కొక్కటే రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. వాచీ దాకా నిబ్బరంగా తలూపినవాళ్ళు కళ్ళద్దాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవాళ్ళు. మొదట్లో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. వాచీ చేతికి పెట్టుకునేది. కళ్ళద్దాలు ఆ ముఖంలో ఒక భాగం. వాటిలోంచే ఆయన మిమ్మల్ని చూశారు.

అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం ఒకసారి తీయండి. యొప్పేలో తబితా అనే శిష్యురాలు చనిపోయింది. దొర్కా అన్నా ఆమే. పేతురు మేడగదిలోకి వెళ్ళేసరికి విధవరాండ్రందరూ ఏడుస్తూ నిలబడి ఉన్నారు. ఆమె బతికి ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, బట్టలు ఆయనకు చూపిస్తున్నారు. ఆ కుట్లలో ఆమె చెయ్యి ఉంది. భూమి మీద కూర్చుకున్నది చిమ్మెటలు తినేస్తాయని యేసు నోట విన్న శిష్యుల్లో పేతురు ఒకడు. ఆ స్త్రీలతో, "చిమ్మెటలు తినిపోయే గుడ్డలు పట్టుకుని ఏడుస్తారెందుకు?" అని ఆయన అనలేదు. వాళ్ళు చూపించినవి చూశాడు. తర్వాతే అందరినీ బయటికి పంపి మోకాళ్ళూనాడు.

లాజరు సమాధి దగ్గర ప్రభువు సంగతి మీకు తెలుసు. అతణ్ణి లేపడానికే వెళ్తున్నానని బయల్దేరకముందే శిష్యులతో చెప్పాడు. ఇంకాసేపట్లో లేపబోతున్నాడు. అయినా "యేసు కన్నీళ్లు విడిచెను." మళ్ళీ లేవడం ఉందని తెలిసినా ఏడవచ్చు. పౌలు థెస్సలొనీకయులకు రాసింది కూడా దుఃఖపడవద్దని కాదు, నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖపడవద్దని. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. ఈ తేడా తెలియక మన సంఘాల్లో ఎంతమంది నోళ్ళు నొక్కేశామో తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

మీతో ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఆ ముద్ర ఉండిపోదమ్మా. మీరు తుడవకపోయినా దుమ్ము పడుతుంది, డబ్బాలోని గుడ్డ తగులుతుంది, ఒకరోజు కనబడదు. ఆ రోజు ఆయన మళ్ళీ పోయినట్టు అనిపించవచ్చు. అప్పటి కోసం ఇప్పుడే చెబుతున్నాను. ఆయన ప్రభువు దగ్గర ఉన్నది ఆ ముద్రను పట్టుకుని కాదు. తిరిగి లేచిన యేసు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయని యోహాను రాశాడు. తోమా వాటిని కళ్ళారా చూశాడు. దేవుడు మన శరీరాన్ని పాతగుడ్డలా అవతల పారేసేవాడైతే, ఆ గుర్తులు ఉండాల్సిన పనే లేదు. క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడుతుందని మనం నమ్మేది ఈ శరీరం గురించే. ఆ వేళ్ళ గురించే.

కళ్ళద్దాలు ఉంచుకోండి. ఇవ్వాలని మీకే అనిపించిన రోజు ఇవ్వండి. ఆమె మీద కోపం పెట్టుకోకండి. ఏడుస్తున్న మనిషి ఎదుట ఏమీ అనకుండా నిలబడటం చాలామందికి చేతకాదు.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రసంగి గ్రంథం మొత్తం చదివాను. అప్పటి నుంచి దేని మీదా మనసు నిలవడం లేదు. అంతా వ్యర్థమైతే ఈ చదువు, ఉద్యోగం, టెన్షన్ ఎందుకు? రాత్రి ఒంటిగంట, రెండింటిదాకా నిద్ర పట్టడం లేదు. ఇది మూడో వారం. ప్రార్థన ఒక్కటే చేసుకుంటూ ఉండిపోవచ్చు కదా?

జవాబు: బాబూ, ముందు నిద్ర సంగతి. మూడు వారాలు నిద్ర లేకపోతే ఎంత మంచి పుస్తకమైనా నల్లగానే కనిపిస్తుంది. డాక్టర్ని కలవండి, ఇంట్లో ఒకరికైనా చెప్పండి. దీనికీ విశ్వాసం తగ్గడానికీ సంబంధం లేదు. ఏలీయా చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే, దేవదూత ముందు అతనికి తిండి పెట్టాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. ప్రసంగాలేవీ చేయలేదు.

ఇప్పుడు ప్రసంగి. మన బైబిల్లో "వ్యర్థము" అని ఉన్నచోట హెబ్రీలో ఉన్న మాట "హెబెల్". ఆ ఒక్క గ్రంథంలోనే 38 సార్లు వస్తుంది. ఆ మాటకు అసలు అర్థం ఊపిరి, ఆవిరి. పనికిమాలినదనే అర్థం తర్వాత వచ్చి చేరింది. దాని మొదటి అర్థం పట్టుకుంటే దొరకనిది, చూస్తుండగానే పోయేది. యాకోబు కూడా ఆ పోలికే తీసుకున్నాడు: "మీరు కొంతసేపు కనబడి అంతలో మాయమైపోవు ఆవిరివంటివారే."

ఆవిరి అనగానే నాకు ఆక్సిజన్ మాస్క్ గుర్తొస్తుంది. నైట్ డ్యూటీలో, చాలా నీరసంగా ఉన్న పేషెంటు పక్కన కూర్చుంటే, చూపంతా ఆ మాస్క్ మీదే ఉంటుంది. లోపలివైపు సన్నగా ఆవిరి పడుతుంది, మాయమవుతుంది. ఒక్క క్షణం ఏమీ ఉండదు. మళ్ళీ పడుతుంది. ఆ పక్కన కుర్చీలో పేషెంటు కూతురో, భార్యో నిద్ర ఆపుకుంటూ అదే చూస్తుంటారు. అది పట్టుకుంటే దొరకదు, దాచుకుంటే ఉండదు. ప్రసంగి చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆ గదిలో దానికన్నా విలువైనది మరొకటి లేదు. నిలవదు అన్నంత మాత్రాన విలువ లేదని అర్థం కాదు బాబూ. మీరు ఈ రెంటినీ ఒకటిగా చదువుకున్నారు. మీ బరువంతా అక్కడే ఉందనిపిస్తోంది.

ఇంకో విషయం చూడండి. ఆదికాండంలో ఆదాము రెండో కొడుకు హేబెలు. ఆ పేరు కూడా హెబ్రీలో అదే అక్షరాలు, అదే మాట. ఊపిరి. పేరుకు తగ్గట్టే అలా కనబడి ఇలా పోయాడు. పిల్లలు లేరు, కట్టిన ఊరు లేదు. ఊరు కట్టింది అతని అన్న కయీను. హేబెలు మాట్లాడిన ఒక్క మాట కూడా ఆదికాండంలో రాసి లేదు. అయినా హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయంలో విశ్వాసుల వరుస మొదలయ్యేది అతనితోనే. "అతడు మృతినొందియు ఆ విశ్వాసముద్వారా మాటలాడుచున్నాడు" అని ఉంటుంది. బైబిల్లో మొట్టమొదట చనిపోయిన మనిషి, పేరులోనే ఆవిరి ఉన్న మనిషి, ఇంకా మాట్లాడుతున్నాడట. ఇది నేను మొదటిసారి గమనించినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

చదువు మానకండి. "చేయుటకు నీ చేతికి వచ్చిన యే పనినైనను నీ శక్తిలోపము లేకుండ చేయుము" అన్నది ఎవరో కాదు, ఆ ప్రసంగే. ప్రార్థన చేసుకుంటూ ఉండిపోవడం కొందరికి పిలుపు కావచ్చు. పరీక్షల భయంతో తలుపు వేసుకోవడం పిలుపు కాదు.

ప్రశ్న: నాన్నగారి ఇంటి భాగం విషయంలో అన్నయ్యకూ నాకూ మాటల్లేవు. నాకు రావాల్సింది అడగడం తప్పా? "లోక సంబంధమైనది వదిలేయ్, నువ్వు విశ్వాసివి" అని అన్నయ్యే అంటున్నాడు.

జవాబు: వదిలేయమని చెప్పాల్సింది తీసుకున్న మనిషి కాదండీ. మీ భాగం మీరు అడగవచ్చు. పద్ధతిగా, కాగితం మీద, పెద్దల ఎదుట అడగండి. నష్టపోతున్నవాడికి వాక్యం చెప్పి నోరు మూయించడం న్యాయం కాదు.

అయితే లూకా పన్నెండో అధ్యాయం కూడా చదవండి. సరిగ్గా మీలాంటి ఒకతను గుంపులోంచి, పిత్రార్జితంలో నాకు పాలు పెట్టమని మా అన్నతో చెప్పు బోధకుడా అని అడిగాడు. ప్రభువు పంపకం చేయలేదు, ఒక కథ చెప్పాడు. అందులో ధనవంతుడు తనలో తాను మాట్లాడుకుంటాడు: నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, చివరికి నా ప్రాణమా అని. పక్కన మరో మనిషే లేడు. ఆ రాత్రి అతని ప్రాణం అడుగుతున్నారని ఉన్నచోట, గ్రీకులో ఉన్న మాటకు అప్పిచ్చింది తిరిగి అడిగినట్టు అర్థం వస్తుంది.

ఒకసారి మా వార్డులో ఒకాయన స్పృహ వచ్చినప్పుడల్లా తాళంచెవుల గుత్తి అడిగేవారు. ఇంట్లోవాళ్ళు సిగ్గుపడి, "ఈ టైమ్‌లో తాళాలెందుకు నాన్నా" అనేవాళ్ళు. నేను తెప్పించి చేతిలో పెట్టాను. వేళ్ళతో తడిమి, ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నారు. గుప్పిట మూసుకుని నిద్రపోయారు. తెల్లవారి నేను చూసేసరికి గుత్తి పక్క మీద పడి ఉంది, చెయ్యి తెరుచుకుని ఉంది. ఆయన ఇంకా ఊపిరి తీస్తున్నారు. అది లోభం అని నేను ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఆ తాళాల్లో ఒకటి ఎవరికోసమైనా తెరిచి ఉంటే బాగుండేదేమో అనుకుంటాను. ఆ నాలుగు రోజుల్లో ఆయన తోబుట్టువులు ఒక్కరూ రాలేదు.

సంతకాల రోజుకు ముందు, చేతిలో కాగితాలేవీ లేకుండా ఒకసారి మీ అన్నయ్య ఇంటికి వెళ్ళి రండి. ఆస్తి మాట ఎత్తకండి.

ప్రశ్న: అక్కా, పదకొండేళ్ళు కష్టపడి పెట్టుకున్న వ్యాపారం మూతపడింది. అప్పులు మిగిలాయి. నేను దశమభాగం ఏనాడూ ఎగ్గొట్టలేదు. ఇస్తే రెట్టింపు వస్తుందని ఒక సేవకుడు చెబితే ఉన్నదానికి మించి కూడా ఇచ్చాను. ఇప్పుడు ఆయనే, నీ విశ్వాసంలో లోపం ఉంది అంటున్నారు. నాకు దేవుడి మీదే కోపంగా ఉంది. ఇలా రాయడం తప్పయితే క్షమించండి.

జవాబు: తప్పు కాదు తమ్ముడూ. యోబు ఇంతకన్నా గట్టిగా మాట్లాడాడు. చివర్లో దేవుడు, నా గురించి యుక్తంగా మాట్లాడింది నా సేవకుడైన యోబే అన్నాడు. చక్కగా, భక్తిగా మాట్లాడి, తప్పంతా యోబు మీదే నెట్టిన ముగ్గురు స్నేహితుల మీద ఆయనకు కోపం వచ్చింది.

మీకు ఆ రెట్టింపు మాట చెప్పినవారు హెబ్రీ పదకొండును సగంలో ఆపేసి ఉంటారు. విశ్వాసంతో రాజ్యాలు జయించారు, సింహాల నోళ్ళు మూశారు, కత్తివాత నుంచి తప్పించుకున్నారు అని చెబుతూ, ఆపకుండా అదే వరుసలో, మరికొందరు రాళ్ళతో కొట్టబడ్డారు, రంపాలతో కోయబడ్డారు, కత్తితో చంపబడ్డారు అని ఉంటుంది. మొదటివాళ్ళకు విశ్వాసం ఎక్కువని, రెండోవాళ్ళకు తక్కువని అక్కడ ఎక్కడా లేదు. ఒకటే జాబితా, ఒకటే విశ్వాసం. గెలిచినవాళ్ళను మాత్రమే చూపించి డబ్బు తీసుకోవడం నాకు చాలా కోపం తెప్పించే విషయం. దాని వల్ల నలిగిపోయినవాళ్ళను ఎంతోమందిని చూశాను కాబట్టి ఈ మాట మెత్తగా చెప్పలేను.

నేను కూడా పోగొట్టుకున్నదాన్నే. రిటైర్మెంట్ డబ్బులో పెద్ద భాగం, నమ్మి పెట్టినచోటే పోయింది. ఆ మూడు నెలలు కళ్ళు మూసుకుని ప్రార్థనకు కూర్చుంటే అంకెలే కనిపించేవి. "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టి, మధ్యలో ఎంత పోయిందో కూడుతూ ఉండేదాన్ని. అలాంటప్పుడు నాకు తోడున్నది హబక్కూకు ప్రవక్త. మూడో అధ్యాయం చివర్లో ఆయన లేనివాటి లెక్క రాస్తాడు. అంజూరపు చెట్టు పూయలేదు, ద్రాక్ష ఫలించలేదు, ఒలీవ కాపు లేదు, పొలం పండలేదు, దొడ్లో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. ఆరు. ఒక రైతుకు ఇంక పోవడానికేమీ మిగలదు. ఆ తర్వాత, నేను యెహోవాయందు ఆనందించెదను అంటాడు. ఆ చెట్లు మళ్ళీ పూస్తాయని అనడు. నేను గమనించింది దాని ముందు వచనం: పెదవులు వణుకుతున్నాయి, ఎముకలు కుళ్ళిపోతున్నాయి, కాళ్ళు వణుకుతున్నాయి అంటాడు. వణుకుతున్న కాళ్ళతోనే ఆ మాట అన్నాడు. మీ కాళ్ళు ఆగేదాకా ఆయన మిమ్మల్ని ఆనందించమనడం లేదు.

క్రీ.శ. 410లో గోతులు అనే తెగవాళ్ళు రోమ్ నగరాన్ని దోచుకున్నారు. శాశ్వత నగరం అని పేరున్న ఊరు అది. పారిపోయి వచ్చినవాళ్ళు మీలాగే అడిగారు, దేవుడు ఎందుకు చూస్తూ ఊరుకున్నాడని. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో అనే ఊళ్ళో బిషప్‌గా ఉన్న అగస్టీన్ ఆ ప్రశ్నకు జవాబుగా "దేవుని నగరం" అనే పుస్తకం 413లో మొదలుపెట్టి దాదాపు పదమూడేళ్ళు రాశాడు. 430లో ఆయన చనిపోయేటప్పుడు ఆయన ఉన్న హిప్పో చుట్టూ కూడా శత్రువులు మోహరించి ఉన్నారు. ఆ పుస్తకం మొదట్లోనే నోలా అనే ఊరి బిషప్ పౌలినస్ గురించి చెబుతాడు. ఒకప్పుడు గొప్ప ధనవంతుడు, ఉన్నదంతా ఇష్టపూర్వకంగా వదులుకున్నాడు. శత్రువులు నోలాను పట్టుకుని, ఆయన్నూ బంధించినప్పుడు ఆయన ప్రార్థన ఇది: ప్రభువా, బంగారం కోసం, వెండి కోసం నన్ను చిత్రవధ పాలు కానివ్వకు, నావన్నీ ఎక్కడున్నాయో నీకు తెలుసు.

ఈ ఆఖరి మాట నాకు నోటికొచ్చేసింది. దొంగలు కన్నం వేయని చోట ధనం కూర్చుకోమని ప్రభువు చెప్పిన మాటను ఆ మనిషి తాళ్ళ మధ్య నుంచి చెబుతున్నాడు. మీరు ఈ పదకొండేళ్ళలో ఎవరికి జీతం ఆపకుండా ఇచ్చారో, ఎవరి తప్పు కాసుకున్నారో, అది ఎక్కడుందో ఆయనకు తెలుసు. రెట్టింపు లెక్కన ఇచ్చింది కూడా తెలుసు. మీరు మోసపోయిన సంగతీ తెలుసు.

అప్పులవాళ్ళకు ఫోన్ ఎత్తండి. ఎంత ఇవ్వగలరో, ఎప్పుడు ఇవ్వగలరో నిజం చెప్పండి. కొంతకాలం కానుక తగ్గితే దేవుడేమీ అనుకోడు. ముందు మీ దగ్గర పనిచేసినవాళ్ళ బాకీ తీర్చండి.

ప్రశ్న: అమ్మా, నాకు 81 ఏళ్ళు. ఈ ఏడాది నుంచి మరపు ఎక్కువైంది. ఇది ఇంకా పెరుగుతుందని డాక్టర్ చెప్పారు. యాభై ఏళ్ళుగా కంఠతా వచ్చిన కీర్తనలు మధ్యలో తెగిపోతున్నాయి. మొన్న ప్రార్థనలో ప్రభువు పేరు కోసం కాసేపు తడుముకున్నాను. ఆస్తి పోతుంది, ఒళ్ళు పోతుంది, విశ్వాసం నిలుస్తుందని జీవితమంతా ఇతరులకు చెప్పాను. రేపు ఆయన పేరే మర్చిపోతే, నా దగ్గర మిగిలేది ఏమిటి?

జవాబు: అయ్యగారూ, మీ ఉత్తరం రెండు వారాలు నా బల్ల మీద ఉంది. అక్షరాలు వణికినా, ఒక్క మాటా వదిలిపెట్టకుండా రాశారు. మీకు తొందరపడి జవాబు రాయకూడదనిపించింది.

మరపు వచ్చినవాళ్ళు కూడా కీర్తన మొదలుపెడితే అందుకుంటారని చాలామంది చెబుతారు. నేనూ చూశాను. కానీ అందుకోనివాళ్ళనూ చూశాను, ఆ మాట మీ దగ్గర దాచను. మా ఆయన చివరి ఏడాది అలాగే గడిపారు. నన్ను నర్సమ్మా అని పిలిచేవారు. అది నిజమే కదా అని నేను పలికేదాన్ని. ఇరవై మూడో కీర్తన మొదలుపెడితే ఎవరో కొత్తవాళ్ళ మాట విన్నట్టు చూసేవారు. చేతిలో చెయ్యి పెడితే మాత్రం, బొటనవేలితో నా వేళ్ళ కణుపుల మీద మెల్లగా రాసేవారు. పెళ్ళైన కొత్తలో చర్చిలో ప్రార్థన జరుగుతున్నప్పుడు అలాగే చేసేవారు. నేనెవరో ఆయనకు తెలియని రోజున కూడా ఆయన ఎవరో నాకు తెలుసు. మా పెళ్ళి ఆ ఏడాదంతా నా వైపు నుంచి నిలబడింది. మనిషినైన నేనే అంతమాత్రం చేయగలిగితే, అని ఆ రోజుల్లో చాలాసార్లు అనుకునేదాన్ని.

పేతురుతో ప్రభువు ఏమన్నాడో మీరే ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. నీ నమ్మిక తప్పిపోకుండా నేను నీ కోసం వేడుకున్నాను అన్నాడు. ఆ మాట అన్నది పేతురు ఆయన్ని ఎరగనని మూడుసార్లు అనబోయే రాత్రి. పేతురు నోరు ఆయన్ని ఎరగనంది. ఆ రాత్రి పేతురు నమ్మిక ఎవరి ప్రార్థన మీద నిలబడి ఉంది? గొర్రెల గురించి కూడా, నా చేతిలోనుండి ఎవడూ వాటిని అపహరింపడు అన్నాడు. గొర్రెలు ఆ చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాయో అక్కడ రాసి లేదు. నిలిచే విశ్వాసం అని మీరు జీవితమంతా చెప్పింది అబద్ధం కాదు. మనం దాన్ని మన పట్టు అనుకుంటూ వచ్చాం. అది మొదటి నుంచీ ఆయన పట్టే.

మీకొక సంగతి చెప్పాలని ఈ రెండు వారాలూ అనుకుంటున్నాను. మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహలో 1947లో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట గురించి మీరు విని ఉంటారు. ఏడు మీటర్లకు పైగా పొడవు, 54 నిలువు వరసలు. క్రీస్తు పుట్టకముందే తోలు మీద చేత్తో రాసింది. ఇప్పుడు యెరూషలేములో ఉంది. అందులో నలభయ్యో అధ్యాయం దగ్గర ఒక వింత ఉంది. గడ్డి ఎండిపోవును, పువ్వు వాడిపోవును అనే మాట ఏడో వచనంలో ఒకసారి, ఎనిమిదో వచనంలో ఒకసారి వస్తుంది కదా. రాస్తున్న మనిషి కన్ను బహుశా మొదటిదాని మీద నుంచి రెండోదాని మీదికి దూకి ఉంటుంది. మధ్యలోని మాటలు వదిలేశాడు. ఏ మాటలు? యెహోవా శ్వాస దాని మీద ఊదగా, నిశ్చయముగా జనులు గడ్డివంటివారే, అన్నవి. మనుషులు గడ్డిలాంటివాళ్ళని చెప్పే చోటనే ఒక మనిషి మర్చిపోయాడు.

ఆ చుట్ట ఫొటో నేను చాలాసార్లు చూశాను. వదిలిపోయిన మాటలు అక్కడే ఉన్నాయి. తర్వాత ఇంకెవరో, వేరే చేతిరాతతో, పంక్తుల మధ్య ఉన్న కొద్దిపాటి ఖాళీలో ఇరికించి రాశారు. చోటు చాలక, మిగిలినవి ఎడమ పక్క మార్జిన్‌లోకి దించి రాశారు. మొదట రాసినవాడికి ఆ సంగతి తెలిసిందో లేదో మనకు తెలియదు. అతను పొరపాటు చేసినందుకు ఎవరూ ఆ చుట్టను పారేయలేదు. మన దేవుని వాక్యము నిత్యము నిలుచును అనే మాట కిందే ఉంది. మీకు ఇష్టమైన వచనం కూడా అదే చుట్టలో ఇంకాస్త ముందుకు వెళ్తే ఉంటుంది. తల వెండ్రుకలు నెరయువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే. అది ఇష్టమని మీరు రాయలేదు. ఉత్తరం అడుగున నలభై ఆరో అధ్యాయం, నాలుగో వచనం అని అంకెలు మాత్రం వేశారు.

మీ అమ్మాయికి ఈ పేజీ ఇవ్వండి. అమ్మా, ఇది నీకు. ఇక నుంచి రాత్రి ప్రార్థన నాన్నగారితో కలిసి పైకి చెప్పు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ నువ్వు అందుకో. ఏం మర్చిపోయారని అడగకు, గుర్తుచేసుకోమని తొందరపెట్టకు. చెయ్యి పట్టుకుని, ఆగినచోట నుంచి మెల్లగా చివరిదాకా చెప్పు.